సికింద్రాబాదులో ఒక మధ్యాహ్నం నిద్ర

సికింద్రాబాదు వెళ్ళొచ్చినవాళ్ళు బిర్యానీ గురించి చెబుతారు, లేకపోతే సాఫ్ట్‌వేరు గురించి చెబుతారు. ఆ రెండిట్లో ఒకటి తిన్నాను, ఒకటి చూశాను. రెండూ నాకు సరిగ్గా అరగలేదు. కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పేది అక్కడ ఒక శనివారం మధ్యాహ్నం మా ఆవిడ పడుకున్న నిద్ర గురించి. పెళ్ళాం నిద్రపోతుంటే చూడ్డానికి రైలెక్కి అంత దూరం వెళ్ళాలా, ఇంట్లో పడుకోదా అని మీరడగొచ్చు. ఇంట్లోనూ పడుకుంటుంది. కానీ ఇంట్లో నిద్ర మీద ఒక ఉద్యోగమూ, ఒక కుట్టు కొట్టూ ఆధారపడి ఉండవు.

మాది విజయనగరం. నేను జాకెట్లు కుడతాను. ఏడో తరగతిలో లెక్కల మాస్టారికీ నాకూ మాటా మాటా పెరిగి, ఇద్దరిలో ఒకరు బడి మానెయ్యాల్సి వచ్చింది. ఆయనకి పెళ్ళాం పిల్లలున్నారు కదా అని నేనే మానేశాను. మా నాన్న పెట్టిన కొట్టులో ఆయన పక్కనే కూర్చున్నాను, ఆయన పోయాక ఆయన స్థానంలోకి జరిగాను. నా జీవితంలో నేను చేసిన ప్రయాణం ఆ ఒక్క జానెడే.

మా ఆవిడ పైడితల్లి అలా కాదు. కొట్టులో హుక్కులు కుడుతుంది, కాజాలు తీస్తుంది, అంతకుముందు పొద్దున్నే లేచి కోట చుట్టూ పరుగెత్తి వస్తుంది. ఎవరూ తరమకుండానే. బళ్ళో ఉన్నప్పుడు జిల్లా తరఫున పరుగెత్తింది. పెళ్ళయితే మానేస్తుందిలే అన్నారు. పెళ్ళయ్యాక ఇంకా దూరం పరుగెత్తింది. మొగుణ్ణి చూశాక ఎవరికైనా అంతే అని నేనే అందరికీ చెప్పి వాళ్ళ పని తేలిక చేశాను.

హైదరాబాదులో ఒక కంప్యూటరు కంపెనీ ఆడవాళ్ళ పరుగు జట్టు కడుతోందని పేపర్లో పడింది. కంపెనీ పేరు రాయను, నాకు వాళ్ళేమీ ఇవ్వలేదు. శనివారం పది కిలోమీటర్లు, ఆదివారం ఇరవై ఒకటి. రెండు రోజుల టైమూ కలిపి చూసి, ముందున్న నలుగురికి ఉద్యోగం. వయసుకి ఒక గీత పెట్టారు. పైడి ఈ ఏడు ఆ గీతకి ఇవతల ఉంది, వచ్చే ఏడు అవతలికి పోతుంది. అంటే ఇదే మొదలు, ఇదే చివర.

ఉద్యోగం వస్తే ఊరు మారాలి, నాన్న పెట్టిన కొట్టు వదిలెయ్యాలి. రాకపోతే మారక్కర్లేదు. కానీ రాని ఉద్యోగం మొహంలో పెట్టుకుని తిరిగే మనిషితో ఒకే గదిలో కాజాలు తియ్యాలి. ఈ రెండిట్లో ఏది కావాలో తేల్చుకోకుండానే నేను రైలెక్కాను.

గోడల మీద చదువులు

శుక్రవారం పొద్దున్న సికింద్రాబాదులో దిగాం. స్టేషనుకి ఎదురుగా ఇరానీ హోటల్లో టీ తాగాం. కప్పు నాలుగు రూపాయలు. మా ఊళ్ళో ఆ డబ్బుకి ఇద్దరు తాగొచ్చు. అయితే మా ఊళ్ళో టీ నిలబడి తాగి గ్లాసు పెట్టేసి పోతాం. ఇక్కడ పాలరాతి బల్ల ముందు కూర్చుని, బిస్కెట్టు ముంచుకుంటూ, పేపరు మొత్తం చదివి, పక్కవాడి సంసారం కూడా సరిదిద్దొచ్చు. కూర్చున్నందుకే ఆ మిగతా రెండు రూపాయలు అనుకున్నాను.

మా ఊళ్ళో గోడల మీద మొలల మందు ప్రకటనలుంటాయి. ఇక్కడ ఏ గోడ చూసినా కంప్యూటరు చదువుల ప్రకటనలే. రెండిట్లోనూ హామీ మాత్రం ఒకటే: కొద్ది రోజుల్లో గుణం కనబడుతుంది, బాధ శాశ్వతంగా పోతుంది.

మా బస ఏ.ఎస్. రావు నగర్‌లో, పైడి పిన్ని గారింట్లో. నాకు ఆవిడ అత్తయ్య వరస. మామయ్యకి అక్కడి పెద్ద ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాళ్ళు విజయనగరం వదిలి చాలా ఏళ్ళయింది గానీ అత్తయ్య నాలుక ఇంకా రైలెక్కలేదు.

"ఏటి బాబూ, ఇలాగ చిక్కిపోయినారేటి ఇద్దరూ!" అని గుమ్మంలోనే తూకం వేసి, ఆ లోటు రాత్రిలోగా పూడ్చాలని కంకణం కట్టుకుంది. రేపు పరుగుంది, తేలిగ్గా తినాలని పైడి అంటే, "పరుగెడతావనే కదా పెడతన్నాను. బండికి పెట్రోలు పొయ్యరేటి?" అంది. ఇంట్లో ఇంకో హడావుడి కూడా ఉంది. వాళ్ళమ్మాయి లలితకి శనివారం మధ్యాహ్నం సీమంతం. గాజులు తొడగడానికి అయిదుగురు ముత్తయిదువలు కావాలి. ముగ్గుర్ని పిలిచి, తనతో కలిపి నలుగురనుకుని, అయిదో మనిషిగా పైడిని లెక్కేసుకుంది అత్తయ్య. పొద్దున్న పరుగు, మధ్యాహ్నం పేరంటం. రెండూ అయిపోతాయని అందరం అనుకున్నాం. పరుగు గురించి మాలో ఎవరికీ తెలియని సంగతొకటుంది. ఒక రోజు పరుగెత్తడానికి కాళ్ళు చాలు. రెండో రోజు పరుగెత్తడానికి మొదటి రోజు మధ్యాహ్నం కావాలి.

పది కిలోమీటర్లు

శనివారం గ్రౌండు దగ్గర కంపెనీ బనియన్లు వేసుకున్న కుర్రాళ్ళు సరదా పరుగు కోసం వచ్చి వందలుగా నిలబడ్డారు. ఉద్యోగం ఉన్నవాళ్ళు ఊరికే పరుగెత్తడానికీ, లేనివాళ్ళు ఉద్యోగం కోసం పరుగెత్తడానికీ ఒకటే గ్రౌండు.

పైడి వరసలో పాతిక మందిదాకా ఆడపిల్లలున్నారు. ఎర్ర రిబ్బను కట్టుకున్న పొడుగాటమ్మాయి ఒకతె కొంగలా అంగలు వేసుకుంటూ మొదట్లోనే ముందుకు పోయింది. ఆమెని చూసి మా ఆవిడకి పౌరుషం వచ్చింది. కోట చుట్టూ ఒక్కతే పరుగెత్తే మనిషి కదా, పక్కన ఇంకో మనిషి పరుగెడితే తట్టుకోలేకపోయింది. మొదటి సగం శక్తికి మించి పరుగెత్తి, రెండో సగం పళ్ళ బిగువున లాక్కొచ్చింది. చివరికి ఏడో స్థానం. ఎర్ర రిబ్బను మూడు.

"ముగ్గుర్ని దాటాలి," అంది నీళ్ళు తాగుతూ.

"రేపు వాళ్ళకి మా అత్తయ్య చేత భోజనం పెట్టిస్తే సరి," అన్నాను. నవ్వలేదు. పిక్క పట్టుకుని చూస్తోంది.

మారేడ్‌పల్లిలో ఒక గేటు

ఏ.ఎస్. రావు నగర్‌కి ఆటో మాట్లాడుకున్నాం. మారేడ్‌పల్లి దాటుతుండగా పైడి "అమ్మో" అని అరిచి నా మోకాలు పట్టుకుంది. ఎడమ పిక్క రాయిలా గట్టిపడిపోయింది. ఆటో ఆయన బండి పక్కకి ఆపేశాడు.

"ఏందన్నా, నరం పట్టిందా? అక్కా, కాలు సాపు జెర. గట్ల ముడుసుకోకు."

"ఆపితే మీటరు తిరుగుతుందేమో బాబూ," అన్నాను.

"మీటర్ బంద్ చేసిన. పైసల సంగతి ఇడువు, గామె తక్లీఫ్ సూడు ముందు," అని కసిరి, తనే దిగి ఎదురుగా కనబడ్డ గేటు కొట్టాడు. "అమ్మా, జెర నీళ్ళియ్యుర్రి, ఈడ అక్కకి పరేషాన్‌గుంది!"

గేటు తీసినావిడ తెల్ల చీర, కళ్ళజోడు, మెడలో తాడుకి వేలాడే ఈల. ఆ ఈల ఎందుకో తర్వాత తెలిసింది. ఆవిడ పేరు గ్రేసమ్మ. ఆడపిల్లల బళ్ళో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. బడి వదిలినా ఈల వదల్లేదు, ఇప్పుడు దాంతో వీధి కుక్కల్ని అదిలిస్తున్నారు. బాపట్ల వైపు నుంచి ఎప్పుడో వచ్చిన క్రైస్తవ కుటుంబం.

ఆవిడ పైడి ఛాతీ మీది నంబరు చూశారు, కాలు చూశారు, చివరగా నన్ను చూశారు. నా చేతిలో నువ్వుల నూనె సీసా ఉంది. మా వైపు ఒళ్ళు నొప్పులంటే ఒకటే వైద్యం. నూనె కాచి మర్దనా చేసి, ఒంటి మీద వేణ్ణీళ్ళు పొయ్యడం. దానికోసం సీసా ఊరి నుంచే మోసుకొచ్చాను.

"అదేంటి నాయనా?"

"నూనండీ. గట్టిగా మర్దనా చేసేద్దామని."

"మర్దనా చేసి దాన్ని రేపు మంచం మీద నుంచి లేవకుండా చేద్దామనా? ఇటివ్వు," అని సీసా లాక్కుని లోపల పెట్టేశారు. "రేపూ ఉందా పరుగు?"

"ఇరవై ఒకటండీ," అంది పైడి నొప్పిలోనే. "ఉద్యోగానికి."

"అయితే కంగారు పడమాక. లోపలికి రా."

ఆటో ఆయన చెయ్యి పట్టి గుమ్మం దాకా నడిపించి, అక్కడిదాకా అయిన డబ్బులే తీసుకుని, "రేపు గెలువాలె అక్కా," అని వెళ్ళిపోయాడు. పేరు కూడా అడగలేదు నేను.

తర్వాత జరిగింది చూస్తే మా అమ్మమ్మకి మూర్ఛ వచ్చేది. టీచరు గారు ప్లాస్టిక్ టబ్బు నిండా చన్నీళ్ళు పట్టి, ఫ్రిజ్‌లోని ఐసు ముక్కలన్నీ అందులో ఒంపి, పైడిని మోకాళ్ళ దాకా కాళ్ళు పెట్టమన్నారు. పైడి పెట్టి, విజయనగరానికి వినబడేలా కేక వేసింది. "అరుచుకో, అరిస్తే తీసేస్తాననుకోకు," అన్నారు టీచరు గారు వాచీ చూసుకుంటూ. తర్వాత ఉప్పు, పంచదార వేసిన నిమ్మకాయ నీళ్ళు. తర్వాత పెరుగన్నం, ఒక అరటిపండు. తర్వాత గోడ పక్కన చాప పరిచి, నడుము గోడకి ఆనించి కాళ్ళు రెండూ గోడ మీదికి ఎత్తి పడుకోమన్నారు.

ఇక్కడొచ్చింది చిక్కు. ఆ గోడకి ఏసుక్రీస్తు పటం ఉంది. పైడి లేచి కూర్చుంది.

"నా వల్ల కాదండి. దేవుడికేసి కాళ్ళెత్తడం... మీరేటైనా అనుకోండి."

టీచరు గారు పటం వైపు చూశారు, పైడి కాళ్ళ వైపు చూశారు. "శిష్యుల కాళ్ళు తన చేత్తో కడిగినవాడమ్మా ఆయన. కాళ్ళంటే ఆయనకి పట్టింపు లేదు. ఎత్తు."

ఎత్తింది. అయినా మనసొప్పక పటం వైపు ఒకసారి దణ్ణం పెట్టుకుని మరీ ఎత్తింది.

"ఇక నిద్రే మందు. తనంతట తను లేచేదాకా ఎవరూ లేపడానికి లేదు. మధ్యలో లేపితే మందు ఒలకబోసినట్టే," అన్నారు టీచరు గారు. అప్పటికే పైడి కళ్ళు మూతలు పడుతున్నాయి. పడుతూ పడుతూ, "పిన్నీ... గాజులు..." అంది.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. సీమంతం!

ఇద్దరు మనుషుల భోజనం

ఫోను చేస్తే సరిపోయేది, వీధి చివర రూపాయి ఫోను ఉంది. కానీ మా వైపు పేరంటానికి రాలేమని ఫోనులో చెబితే పిలిచిన మనిషి మొహం మీద తలుపు వేసినట్టే. మనిషి వెళ్ళాలి, తిట్లు తినాలి, తిట్ల తర్వాత భోజనం తినాలి. అప్పుడే అది క్షమాపణ అవుతుంది. కొత్త ఇంట్లో పెళ్ళాన్ని వదిలి ఎలా వెళ్ళడమా అని నేను తటపటాయిస్తుంటే, "తల దగ్గర కూర్చుని ఏం చేస్తావు, ఈగలు తోలతావా? మా ఆయన చేపలకెళ్ళాడు, ఇప్పుడొస్తాడు. కాసేపట్లో మా పాటల వాళ్ళూ వస్తారు. వెళ్ళిరా," అన్నారు టీచరు గారు.

బస్సెక్కి ఏ.ఎస్. రావు నగర్ చేరేసరికి అరటాకులు వేసేశారు.

"అదేదీ?" అంది అత్తయ్య నా వెనక వెతుకుతూ.

"పడుకుంది అత్తయ్యా."

"పట్టపగలు పడుకోడమేటి? ఇక్కడ పేరంటం పెట్టుకుని?"

"కాళ్ళు పట్టీసాయి."

"పట్టీస్తే వేణ్ణీళ్ళు కాచి నేనివ్వనేటి? ఎక్కడ పడుకుంది?"

"మారేడ్‌పల్లిలో ఎవరో టీచరు గారింట్లో."

"ఎవరో ఇంట్లో పెళ్ళాన్ని పడుకోబెట్టీసి, నువ్వొక్కడివీ భోజనానికి వచ్చీసావా బాబూ?"

"ఆకలేసింది అత్తయ్యా."

పేరంటాళ్ళు నవ్వారు. అత్తయ్య నవ్వలేదు. నా ఆకు పక్కనే ఇంకో ఆకు వేసింది, పైడిది. ఆ రెండో ఆకులో కూడా అన్నీ వడ్డించింది. పులిహోర, బూరెలు, పనసపొట్టు కూర, ఆవపెట్టిన అరటికాయ. "దాని వంతు ఎవరు తింటారో నేనూ చూస్తాను," అని ఎదురుగా కూర్చుంది. నేనే తిన్నాను. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పని పంపకం అలా జరిగింది: ఆమె కాళ్ళు పడుకున్నాయి, నా పొట్ట పరుగెత్తింది. ఎనిమిదో బూరె దగ్గర నాకూ పిక్క పట్టినంత పనయింది.

తిట్లూ భోజనమూ రెండూ తిన్నాను కాబట్టి క్షమాపణ పూర్తయిందనుకున్నాను. అత్తయ్య లేచి, గాజుల పెట్టె చేతిలోకి తీసుకుంది.

"నలుగురితో సీమంతం చెయ్యను. అది రాలేకపోతే మనమే ఎల్దాం. లలితా, చెప్పులేసుకో."

మామయ్య స్నేహితుడి మారుతీ వ్యానులో లలిత, అత్తయ్య, గాజులు, పళ్ళేలు, పూలు, ఒక గిన్నెడు బూరెలు. మిగిలిన సందులో నేను. వ్యాను కదిలినప్పటి నుంచి నాకు ఒకటే భయం. ఈ ఊరేగింపు గుమ్మంలో దిగితే కుంభకర్ణుడు కూడా లేస్తాడు. మందు ఒలికిపోతుంది.

"అత్తయ్యా, అది లేచేదాకా ఆగాలి మరి. లేపితే రేపు పరుగెత్తలేదట."

అత్తయ్య కిటికీలోంచి చూస్తూ అంది: "ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు బాబూ. రేపు దానికి రాకపోతే నీకు హాయే కదా? కొట్టుంటది, ఊరుంటది."

లలిత "అమ్మా" అంది. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం ఉంటుంది. వెతికాను, బూరెలే అడ్డొచ్చాయి.

"కొట్టుంటది అత్తయ్యా," అన్నాను. "పొద్దున్న పూట అది పరుగెత్తొచ్చి కొట్లోకి అడుగు పెట్టినప్పుడు ఉండే మొహం మాత్రం ఉండదు."

అత్తయ్య ఇటు తిరిగింది. పూల పొట్లం నా ఒళ్ళో నుంచి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

చిన్న గొంతుతో

గేటు దగ్గర దిగేసరికి లోపల్నుంచి పాట వినబడుతోంది. ముందు గదిలో అయిదారుగురు ఆడవాళ్ళు మర్నాటి చర్చి పాటలు సాధన చేస్తున్నారు. ప్రతి శనివారం ఇక్కడే చేస్తారట. అయితే అందరూ గొంతు తగ్గించి, చంటిపిల్లకి జోల పాడినట్టు పాడుతున్నారు. "గట్టిగా పాడినా వింటాడు, మెల్లగా పాడినా వింటాడు, ఇవాళ మెల్లగా," అని టీచరు గారు ఆజ్ఞ వేశారట.

అత్తయ్య గుమ్మంలో ఆగింది. పక్క గది తలుపు ఓరగా ఉంది. అందులో పైడి, గోడకి కాళ్ళెత్తి, నోరు కొంచెం తెరుచుకుని, లోకం మీద ఏ బాకీ లేనట్టు నిద్రపోతోంది. గురక కూడా. ఆ గురక నాకు తెలుసు. పరుగు లేని ఆదివారాలు మాత్రమే వస్తుంది.

"ఓలమ్మా," అంది అత్తయ్య గుసగుసగా. "చిన్నప్పుడు మా అక్క ఒళ్ళో ఇలాగే పడుకునేది." అంతే. లేపమనలేదు.

మేం ముందు గదిలో కూర్చున్నాం. లలిత పాదాలు వాచి ఉన్నాయి. ఏడో నెల. టీచరు గారు చూశారు, ఊరుకునే మనిషి కాదు కదా. "నువ్వు గోడకి వద్దు తల్లీ. ఎడమ పక్కకి తిరిగి పడుకో, కాళ్ళ కింద దిండు పెడతా," అని పైడి పక్కనే ఇంకో చాప పరిచారు. లలిత పడుకుంది, తనూ నిద్రపోయింది. సీమంతం నాడు సీమంతం పిల్లే నిద్రపోవడం నేను అదే మొదటిసారి చూడ్డం.

అత్తయ్యా టీచరు గారూ మెల్లిగా మాటల్లో పడ్డారు. ఉసిరికాయ పచ్చడిలో మీరు ఆవపిండి వేస్తారా, మేం వెల్లుల్లి వేస్తాం. అక్కణ్ణించి మోకాళ్ళ నొప్పులు, అక్కణ్ణించి అల్లుళ్ళు. అల్లుళ్ళ దగ్గరకొచ్చేసరికి ఇద్దరూ నా వైపు చూసి గొంతులు ఇంకా తగ్గించారు. బూరెల గిన్నె పాటల వాళ్ళ మధ్య తిరిగింది.

ఎండ వాలాక పైడి తనంతట తనే లేచింది. లేచి, చుట్టూ పళ్ళేలు, పూలు, పిన్ని, ఎవరెవరో ఆడవాళ్ళు కనబడేసరికి, "నేను పోయాననుకున్నారేటి?" అంది.

గాజుల దగ్గర అత్తయ్యకి ఒక సందేహం వచ్చింది. ఏ.ఎస్. రావు నగర్‌లో పిలిచిన ముగ్గురు ముత్తయిదువలు అక్కడే ఉండిపోయారు. ఇక్కడ ఉన్నది తనూ పైడీ. పాటల వాళ్ళ నుదుట బొట్లు లేవు. కాసేపు తటపటాయించి, ఒకావిడని అడిగేసింది: "ఏమనుకోకమ్మా, మీ ఆయన ఉన్నారా?"

"ఉన్నాడండీ," అందావిడ. "ఉన్నాడని చెప్పుకోవాలంతే, పొద్దస్తమానం టీవీ దగ్గరే ఉంటాడు."

గది గదంతా నవ్వింది. "అలాంటివాళ్ళూ లెక్కలోకి వస్తార్లే," అంది అత్తయ్య. పైడి చాప మీంచి లేవకుండానే మొదటి గాజు తొడిగింది, తర్వాత అత్తయ్య, తర్వాత టీచరు గారు, ఇంకో ఇద్దరు పాటల వాళ్ళు. అయిదుగురూ కుదిరారు. మంగళహారతికి బదులు వాళ్ళే ఒక పాట పాడారు, ఈసారి పూర్తి గొంతుతో.

వెళ్ళేటప్పుడు టీచరు గారు నన్ను పక్కకి పిలిచి, "రేపు ఎవరి వెంటా పడొద్దని చెప్పు. మొదటి సగం తనతో తనే పరుగెత్తాలి," అన్నారు. నూనె సీసా మాత్రం తిరిగివ్వలేదు.

బోయిన్‌పల్లి మీదుగా

ఆదివారం దారి బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు పక్కగా పోతుంది. పైడికి ఒక అరటిపండు, నీళ్ళూ అందించాలని నేను ముందుగా బస్సులో వెళ్ళి అక్కడ నిలబడ్డాను. లారీల్లోంచి క్యాబేజీలు దిగుతున్నాయి. మా ఊరి సంతలో టమాటాలు కుప్పలుగా పోస్తారు. ఇక్కడ లారీలుగా పోస్తారు. ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవల కోసం నిలబడ్డవన్నా?"

"మా ఆవిడ కోసం. పరుగు పందెం."

"ఏడికి ఉరుకుతది?"

"గ్రౌండు దగ్గర బయల్దేరి, ఇలా వచ్చి, మళ్ళీ గ్రౌండు దగ్గరికే."

"గంత దూరం ఉరికి మల్ల గాడికేనా?" అని నోరు నొక్కుకుంది. "గాడ్నే కూసుంటే అయిపోవు గదా!"

నిజమే అనిపించింది. నేను ఇన్నాళ్ళూ చేసింది అదే.

ముందు ఇద్దరమ్మాయిలు పోయారు. తర్వాత ఇంకో ముగ్గురు. చాలా సేపటికి ఎర్ర రిబ్బను. కానీ కొంగ అంగలు లేవు. తొడ పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ, నడకా పరుగూ కాకుండా వస్తోంది. ఆమె వెంట సైకిలు మీద వస్తున్న స్నేహితురాలు, "నిన్న ఊరంతా తిరగొద్దే అంటే విన్నావా!" అని తిడుతోంది. పాపం, నాకు జాలేసింది. నా దగ్గరున్న అరటిపండు ఆ అమ్మాయి చేతిలో పెట్టేశాను. పెట్టేశాక గుర్తొచ్చింది, అది నా పెళ్ళాం పండని.

ఆ వెనకే పైడి. కోట చుట్టూ తిరిగినంత తేలిగ్గా, ఎవర్నీ చూడకుండా, తనలో తను ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు వస్తోంది. నీళ్ళందించాను.

"పండేదీ?"

"ఇచ్చీసాను, ముందమ్మాయికి."

పరుగాపకుండానే వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. ఆ చూపుకి ఉల్లిపాయలావిడ పకపకా నవ్వి, "ఉరుకక్కా ఉరుకు! ఇంటికాడ సూస్కుందువుగని!" అని అరిచింది. పక్కనున్న హమాలీలు కూడా చప్పట్లు కొట్టారు. మలుపు దగ్గర పైడి ఎర్ర రిబ్బనుని దాటడం కనబడింది. ఇంకా ఇద్దర్ని దాటాలి.

బోర్డు

నాకు బస్సు దొరికి గ్రౌండు చేరేసరికి పరుగు అయిపోయింది. పైడి గడ్డి మీద కూర్చుని ఉంది. ఎన్నోదో తనకీ తెలియదు. ఇవాళ అయిదుగురి తర్వాత వచ్చానంది, కానీ నిన్నటి టైమూ కలపాలి కదా, ఆ అయిదుగురిలో నిన్న తన వెనక వచ్చినవాళ్ళూ ఉన్నారు. కలిపి బోర్డు మీద పెడతారన్నారు.

"మీరెళ్ళి చూడండి. నేను చూడను," అంది. ఎవరో ఇచ్చిన అరటిపండు ఒలుచుకుంటోంది.

బోర్డు మీద పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. నా ఏడో తరగతి ఇంగ్లీషుతో ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాను. పై నుంచి మొదలుపెట్టి, నాలుగో వరసలో ఆగాను. మళ్ళీ చదివాను. నమ్మకం కలగక, పక్కనున్న బనియను కుర్రాణ్ణి చదివి పెట్టమన్నాను. "నాలుగు, పైడితల్లి," అన్నాడు. "మీ వైఫా అంకుల్?"

వెనక్కి వచ్చాను.

"వచ్చింది," అన్నాను.

"ఏటి వచ్చింది?"

"ఉద్యోగం. నాలుగో పేరు నీదే."

నా వైపు చూడనైనా లేదు. "ఎకసెక్కానికి వేళాపాళా ఉండాలి. నిజం చెప్పండి. అయిదా?"

"నాలుగే."

"ఆరా?"

"మన ఊరి దేవత పైడితల్లమ్మ మీద ఒట్టు."

"మొన్న రైల్లో ఎదుటాయనకీ అలాగే ఒట్టేసి, నేను సినిమాల్లో చేస్తానని చెప్పారు." అరటితొక్క పక్కన పెట్టింది. "చెప్పండి, ఏటైనా పర్లేదు. నేనేం ఏడవను."

అప్పటికే ఏడుపు కళ్ళ దాకా వచ్చేసింది. నేనేం చెప్పినా నమ్మేలా లేదు. పక్కన కూలబడ్డాను. గ్రౌండు అవతల టెంట్లు విప్పుతున్నారు. నాకు తెలియకుండానే నోట్లోంచి మాటలు వచ్చాయి.

"కొట్టు ఖాళీ చేస్తామని షావుకారికి నెల ముందు చెప్పాలి. దసరాకి ఒప్పుకున్న బట్టలు కుట్టి ఇచ్చీసి మరీ రావాలి, జనం నమ్మి ఇచ్చారు. మిషను లారీలో వేస్తే పాడవుద్ది, రైల్లో తెచ్చుకుందాం. నాన్న బల్ల మాత్రం ఇక్కడి గదుల్లో పట్టదేమో. అది మా అన్నయ్య ఇంట్లో పెడదాం."

పండు నోటి దగ్గర ఆగిపోయింది. పైడి నా మొహంలోకి చాలాసేపు చూసింది. మా పెళ్ళిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు.

"నిజవేనేటండీ?" అంది.

నేను తలూపి ఊరుకున్నాను. నోరు తెరిస్తే మళ్ళీ నమ్మదేమోనని.